దూరం నుంచి వచ్చినవాళ్ళ మర్యాద

మత్తయి తన బర్మా పెళ్ళానికి మొదటి అబద్ధం ఏలూరులో, ఒక చలివేంద్రం ముందు చెప్పాడు.

నిజం చెప్పాలనే అతని ఉద్దేశం. రంగూన్ రేవులో ఓడెక్కిన దగ్గర్నుంచి చెబుదాం, చెబుదాం అనుకుంటూనే వచ్చాడు. కాకినాడలో దిగాక చెబుదామనుకున్నాడు. రైలు తాడేపల్లిగూడెంలో ఆగినప్పుడు ఖిన్‌మే కిటికీలోంచి తల బయటికి పెట్టి, మీ సరస్సు ఇంకా ఎంత దూరమని సంబరంగా అడిగింది. ఆ ముఖం చూశాక ఏలూరులో చెబుదామనుకున్నాడు. ఏలూరులో దిగేసరికి మిట్టమధ్యాహ్నం. మృగశిర కార్తె వచ్చినా చినుకు లేదు, ఇద్దరికీ నాలుక పిడచకట్టుకుపోయింది.

కాలవ ఒడ్డున తాటాకు పందిరి, లోపల ఇసుకలో కుదురుగా కుండలు, వాటి దగ్గర ఒక ముసలాయన. మత్తయి ఒంటి మీద కోటు, కాళ్ళకు బూట్లు ఉన్నాయి. ముసలాయన ఇత్తడి చెంబు ముంచి అందివ్వబోతూ, ఎవరు బాబూ మీరు అని అడిగాడు. మత్తయి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఈ దేశంలో అతను గుక్కెడు నీళ్ళు తాగలేదు. ముసలాయన కోప్పడలేదు, విసుక్కోలేదు. చెంబు లోపల పెట్టేసి, పందిరి పక్కనుంచి బయటికి వచ్చిన వెదురు గొట్టం వైపు చెయ్యి చూపించాడు. ఆయన లోపల్నుంచి పోస్తాడు. వీళ్ళు బారెడు దూరంలో, గొట్టం చివర, దోసిలి పట్టాలి.

ఖిన్‌మే కడుపునిండా తాగి, ముఖం కడుక్కొని, ఆ గొట్టాన్ని ముచ్చటగా చూసింది. అందరూ చెంబుతో తాగుతుంటే మనకు మాత్రం ఇది ఎందుకని తన భాషలో అడిగింది.

“దూరం నుంచి వచ్చినవాళ్ళకు ఇలా పోస్తారు. మా దేశంలో అదొక మర్యాద,” అన్నాడు మత్తయి.

ఆమె నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది? కొత్త దేశంలో కాలు పెట్టిన మనిషికి మొగుడే కళ్ళు, మొగుడే చెవులు. పైగా ఆ మాట అతను ఆమె భాషలో, చిరునవ్వుతో చెప్పాడు.

మత్తయి చెడ్డవాడు కాడు. కొల్లేటి అంచున తుంగలంక అనే ఊరు అతనిది. ఊరికి దక్షిణాన, మురుగు కాలవకు అవతల, అతని పేట. మిషన్ దొరలు వచ్చి ఆ పేటకు బడి ఇచ్చారు, గంట ఇచ్చారు, మత్తయి, హన్నమ్మ, యేసమ్మ అని పేర్లు ఇచ్చారు. ఊరి బావి మాత్రం ఇవ్వలేకపోయారు. అది వాళ్ళ చేతిలోదీ కాదు. పేటవాళ్ళు అంటరానివాళ్ళుగానే పుట్టి, ఆదివారం పూట పాటలు పాడుకొని, సోమవారం వెంకట్రాజు గారి చేలోకి దిగేవారు. అక్కడుండి ఏం చేస్తానని మత్తయి రంగూన్ వెళ్ళి బియ్యం మిల్లులో చేరాడు.

మిల్లు గేటు దగ్గర ఖిన్‌మే, వాళ్ళమ్మ చేపల పులుసు, సేమ్యా అమ్మేవారు. మొదటిరోజు ఖిన్‌మే గిన్నెను రెండు చేతులతో పట్టుకొని, కాస్త తల వంచి, అతని చేతుల్లోనే పెట్టింది. అక్కడ ఎవరికైనా అలాగే ఇస్తారు, అది వాళ్ళకు ఊపిరి పీల్చినంత మామూలు సంగతి. మత్తయి మాత్రం ఆ గిన్నె చేత పట్టుకొని, పులుసు చల్లారేదాకా నిలబడ్డాడు. ఎవరూ అతన్ని ఎవరివాడివని అడగలేదు. తాగిన గిన్నెను మిగతా గిన్నెలతో కలిపే కడిగారు. ఆ రోజే అతను ఆ ఊళ్ళో ఉండిపోవాలనుకున్నాడు.

ఉండనివ్వలేదు. తరవాతి వేసవిలో రేవులో పని తగాదా పెరిగి, తెలుగు కూలీలను ఆ దేశంవాళ్ళు కత్తులు పట్టుకొని వెతికారు. ఖిన్‌మే అతన్ని బియ్యం బస్తాల వెనక దాచి, ముందు తను కూర్చుంది. వచ్చినవాళ్ళలో ఆమె మేనమామ కూడా ఉన్నాడు. అలజడి సద్దుమణిగాక ఆమెకు ఇంట్లో చోటు లేకుండా పోయింది. అలా ఇద్దరూ ఓడెక్కారు. అక్కడ నన్ను చంపడానికి వెతికారు గాని, నేను తాగిన గిన్నె పగలగొట్టలేదు అని మత్తయి చాలాసార్లు అనుకునేవాడు. తనెవరో ఆమెకు చెబితే ఆ గిన్నె ఇచ్చిన చేతులు ఏమవుతాయోనని అతని భయం. ఆ భయం తప్ప అతనికి ఇంకో భయం లేదు.

అసలు ఏలూరు గొట్టంతోనే అయిపోతే బాగుండేది. ఒక అబద్ధం ఇంకో దాన్ని వెంటబెట్టుకొస్తుంది. పడవలో సరంగు అబ్బులు, కోటు చూసి బాబుగారూ అని పిలిచినవాడు, ఏ ఊరు, ఎవరి తాలూకు అని ఆరా తీశాక, లేచి ఆ వెనక్కెళ్ళి కూచో అన్నాడు. అటు గాలి బాగా వస్తుందట అని మత్తయి ఖిన్‌మేకు చెప్పాడు. ఊరి పొలిమేరలో బూట్లు విప్పి చంకలో పెట్టుకొని, ఒండ్రుమట్టికి తోలు పాడవుతుందన్నాడు. ఊరి మధ్యనుంచి తిన్నగా వెళ్ళే బాట ఉండగా చుట్టూ తిప్పి తీసుకెళ్ళి, నీకు సరస్సు కనబడాలని అన్నాడు. ఊరి బావి నీళ్ళు ఉప్పన అన్నాడు.

హన్నమ్మకు కోడల్ని చూడగానే గుండె ఆగినంత పనైంది. చిన్న కళ్ళు, చదును ముక్కు, పచ్చటి ఒళ్ళు, జడ లేని ముడి, ముడిలో పువ్వు. పిల్ల వంగి నేలకు తల ఆనించి దణ్ణం పెట్టేసరికి మాత్రం ముసలిది చేతులు పట్టుకొని పైకి లేపింది. పేట ఆడవాళ్ళు ఆమెను కిన్నమ్మ అన్నారు. మిషన్ అయ్యగారు ఏలూరు నుంచి వచ్చినప్పుడు బాప్తిస్మం ఇచ్చి వేరే పేరు పెట్టారు గాని, దాంతో ఎవరూ పిలవలేదు.

వానలు పడ్డాయి. కొల్లేరు పొంగి ఊరి చుట్టూ నీళ్ళు నిలబడ్డాయి. ఖిన్‌మేకు ఆ నీళ్ళు చూస్తే ప్రాణం లేచొచ్చింది, వాళ్ళ ఊరూ ఇలాగే ఉంటుందట. నాట్లు ఆమెకు వచ్చు. వెదురు పని అంతకంటే బాగా వచ్చు. కామవరపుకోట మెట్టనుంచి బళ్ళ మీద కైకలూరు సంతకు వచ్చే వెదురు తెప్పించుకొని, చేపలు పట్టే మావులు అల్లింది. ఆమె అల్లిన మావులో దూరిన చేప బయటికి రాదని బెస్తవాళ్ళే ఒప్పుకున్నారు. వాళ్ళు గట్టు మీద నిలబడి, మావును కింద పెట్టమని, ఆమె వెనక్కి తప్పుకున్నాక తీసుకునేవారు. ఈ దేశంలో కొనేవాళ్ళకు సిగ్గు ఎక్కువ కాబోలని ఆమె అనుకుంది.

అత్తాకోడళ్ళకు భాష కుదరక ముందే పొత్తు కుదిరింది. ఇద్దరూ చుట్ట కాలుస్తారు. సాయంత్రం అరుగు మీద చెరో చుట్ట ముట్టించి ఒకరి భాషలో ఒకరికి అర్థంకాకుండా చాలాసేపు మాట్లాడుకునేవారు. ఖిన్‌మే చిట్టి రొయ్యలు కుళ్ళబెట్టి ఉప్పు వేసి నూరిన ముద్ద ఒకటి చేసింది. ఆ వాసనకు పేటంతా ముక్కులు మూసుకుంది. హన్నమ్మ కూడా మూసుకుంది, మూసుకొనే అన్నంలో కలుపుకొని తిని, బాగుందే అంది. తను మంచినీళ్ళు అడిగినా కోడలు రెండు చేతులతో, తల వంచి, చేతిలోనే పెట్టేది. ముసలిదానికి అది ఎన్నిసార్లు జరిగినా కొత్తగానే ఉండేది. ఇంకొకరి చేతిమీదుగా ఏదైనా అందుకునే అలవాటు ఆ పేటలో పెద్దగా ఎవరికీ లేదు.

“దానికి చెప్పావా?” అని హన్నమ్మ కొడుకుని అప్పుడప్పుడు అడిగేది.

భాష కాస్త రానీ అమ్మా, చెబుతాను అనేవాడు మత్తయి. ఏ భాష రావాలో మాత్రం చెప్పేవాడు కాదు. పేటలో మిగతావాళ్ళు చెప్పొచ్చు గదా అంటే, అందరికీ తెలిసిన సంగతి ఎవరు మాత్రం పనిగట్టుకొని చెబుతారు? సూర్యుడు తూర్పున పొడుస్తాడని ఎవరైనా కొత్తవాళ్ళకు చెబుతారా?

మళ్ళీ వేసవి వచ్చింది. సరస్సు వెనక్కి పోయి, బయటపడిన పర్ర నేలలు పగుళ్ళిచ్చాయి. కైకలూరు నుంచి వచ్చేవాళ్ళు ఆ ఎండిన సరస్సులోంచే కాలిబాటన నడిచి వచ్చేవారు. దారిపొడుగునా చెట్టు లేదు, చుక్క నీరు లేదు. ఖిన్‌మేకు అది చూస్తే కష్టంగా ఉండేది. వాళ్ళ దేశంలో ఎంత లేనివాళ్ళయినా బాటపక్కన గుంజలు పాతి, వాటి మీద రెండు నీళ్ళకుండలు పెడతారు. ఎవరు తాగారో కూడా చూడరు. దాహం తీర్చడం పుణ్యం, ఆ పుణ్యం చచ్చిపోయిన తలిదండ్రులకు కూడా చెందుతుందని వాళ్ళ నమ్మకం. ఓడెక్కిన నెలకే తల్లి పోయిందని ఆమెకు ఎవరో తెలిసినవాళ్ళ ద్వారా కబురు వచ్చింది. అప్పట్నుంచీ తల్లి పేరున కుండ పెట్టాలని ఆమె మనసులో ఉంది.

మత్తయి మనసులో ఇంకోటి ఉంది. ఆమెకు తెలియకముందే ఈ ఊరు వదిలేయాలి. ఏలూరులో నారమిల్లు ఉంది. అంత పెద్ద ఊళ్ళో, మిల్లు మనుషుల మధ్య, ఎవరు ఎవరో ఎవరికి పట్టింది? ఆశ అలా మాట్లాడుతుంది, వినేవాడికి అది తెలివిలాగే ఉంటుంది. అతను ఏలూరు వెళ్ళి, మిషన్ బడి మేష్టరు ప్రసాదరావు గారి చేత సిఫార్సు చేయించుకొని, మిల్లు చుట్టూ తిరిగి పని సంపాదించాడు. అయ్యగార్ల కాంపౌండు వెనక ఒక గది కూడా మాట్లాడుకున్నాడు.

అతను ఊళ్ళో లేని ఆ రోజుల్లోనే ఖిన్‌మే పందిరి వేసింది. సరస్సు బాట వచ్చి ఊరికీ పేటకీ చీలే చోట గుంజలు పాతింది, తాటాకు కప్పింది, ఇసుక పోసి కుండలు పెట్టింది. తెల్లవారక ముందే లేచి కాలవ నీళ్ళు మోసుకొచ్చి, చిల్లగింజ అరగదీసి తేర్చింది. హన్నమ్మ చూసి పేటవాళ్ళ కోసమేలే అనుకుంది. కానీ కోడలు మంచి వెదురు ఒకటి ఏరి, కణుపులు తొలిచి, అంచులు నున్నగా చెక్కి, పందిరి పక్కనుంచి బయటికి వచ్చేటట్టు కడుతుంటే ముసలిదాని పై ప్రాణాలు పైనే పోయాయి. వద్దే అంది. చెయ్యి పట్టుకుంది. నీకెందుకే శ్రమ అంటోందనుకొని ఖిన్‌మే నవ్వింది. తనకు వచ్చిన తెలుగులో, “దూరం వాళ్ళు. మర్యాద,” అంది.

మొదట పేటవాళ్ళే వచ్చారు. గొట్టం చూసి పగలబడి నవ్వారు, నవ్వుతూనే చివర దోసిలి పట్టి తాగారు. ఊరివాళ్ళు దూరంనుంచే చూసి పక్కగా వెళ్ళిపోయారు.

మత్తయి ఏలూరు నుంచి అడ్డదారిన ఎండిన సరస్సు దాటి వస్తూ దూరాన్నుంచి ఆ పందిరి చూశాడు. ఎవరో పుణ్యాత్ముడు పెట్టాడనుకొని అడుగు గబగబా వేశాడు. దగ్గరికి వచ్చేకొద్దీ కుండల వెనక ముడిలో పువ్వు కనిపించింది. అడుగు తడబడింది. ఇంకొంచెం దగ్గరికి వచ్చాక గొట్టం కనిపించింది. గొట్టం చివర దత్తాత్రేయులు గారు నడుం వంచి, దోసిలి పట్టి నీళ్ళు తాగుతున్నారు.

ఆయన కైకలూరు పురోహితుడు. ఊళ్ళో ఎవరిదో తద్దినం ఉంటే మిట్టమధ్యాహ్నపు ఎండలో నడిచి వచ్చాడు. కళ్ళు బైర్లు కమ్మిన మనిషి పందిరి ఎవరిదని అడగలేదు. పచ్చటి మనిషి, కొత్త ముఖం, ఏ కోమట్లో పెట్టించారనుకున్నాడు. ఖిన్‌మే ఆయన తెల్లటి జుట్టు చూసి, పెద్దవాడు, చాలా దూరం నుంచి వచ్చాడు అనుకొని, గొట్టం చివరికి రమ్మని ఎంతో వినయంగా చెయ్యి చూపించింది. ఆయన తాగుతున్నంతసేపూ మత్తయి ఎండలో అలాగే నిలబడిపోయాడు. వద్దని అరవాలనిపించింది. తాగనివ్వాలని కూడా అనిపించింది.

ముసలాయన తల ఎత్తి, కోటు వేసుకున్న మనిషిని చూసి అడిగాడు.

“ఎవరి పందిరి బాబూ ఇది?”

“మాదేనండి.”

“మీరంటే?”

“పేటలో హన్నమ్మ కొడుకునండి.”

దత్తాత్రేయులు గారు తన తడి చేతుల వైపు చూసుకున్నారు. తరవాత కుండల వైపు కాదు, గొట్టం వైపు చూశారు. ఆ చూపు మత్తయి జన్మలో మరిచిపోలేదు. కోపం కాదది. తనను ఎవరో తన ఇంట్లోనే గుర్తుపట్టనట్టు చూశాడు ముసలాయన.

“ప్రాణం మీదికొచ్చింది, తాగాను. దానికేం లేదు,” అన్నాడాయన నెమ్మదిగా. “ఆ గొట్టం పెట్టాలని ఆవిడకి ఎవరు చెప్పారు?”

“నేనేనండి,” అన్నాడు మత్తయి.

ఇవాళే తీసెయ్యి, నేనెక్కడా అనను అని చెప్పి ఆయన వెళ్ళిపోయాడు. ఆయన అనలేదు కూడా. కానీ పక్క చేలో మట్టి తోలుతున్న వెంకట్రాజు గారి పాలేర్లకు కళ్ళున్నాయి. సాయంత్రం కాకముందే పిలుపు వచ్చింది, పెళ్ళాన్ని కూడా తీసుకురమ్మని.

వెంకట్రాజు గారి వాకిలి పెద్దది. అరుగు మీద ఆయన, పక్కన కుర్చీలో తల వంచుకొని దత్తాత్రేయులు గారు, చుట్టూ ఊరి పెద్దలు. మత్తయి కోటు ఇంట్లో విప్పి వచ్చాడు. చెప్పులు లేకుండా, తలగుడ్డ చంకలో పెట్టుకొని, చేతులు కట్టుకొని, గుమ్మానికి ఇవతల మట్టిలో నిలబడ్డాడు. అలా నిలబడమని ఎవరూ చెప్పలేదు. ఒళ్ళు దానంతటదే అలా ఒదిగిపోయింది. ఖిన్‌మే అతని పక్కన నిలబడి, అతని వైపే చూస్తోంది. ఏడాది పొడుగునా ఆమె చూడని మత్తయి అతను.

“నీళ్ళు తాగితే తాగారు,” అన్నారు వెంకట్రాజు గారు. గొంతు పెంచలేదు. “దాహం వేసినవాడు తాగుతాడు, ఇంటికెళ్ళి తలకి పోసుకుంటాడు. గొట్టంతో పోస్తారా మాకు?”

“తెలియక చేసిందండి. పై దేశం మనిషండి.”

“తెలియకపోతే తెలియజెప్పాలి కదా. ఏడాది నుంచీ ఏం చేస్తున్నావు?”

అదే మాట అమ్మ కూడా అడిగింది. మత్తయి నేల చూశాడు.

ఇప్పుడు చెప్పమన్నారు వెంకట్రాజు గారు. ఇక్కడే, అందరి ముందర, ఆవిడ భాషలోనే. మీరెవరో, ఆ గొట్టం ఎవరి కోసమో చెప్పు, తరవాత ఆవిడ తన చేతులతోనే పందిరి పీకేస్తుంది, లేకపోతే రేపట్నుంచి మీ పేటవాళ్ళెవరూ మా చేలో అడుగు పెట్టక్కర్లేదు అన్నారు. వాకిట్లో అందరూ చెవులు రిక్కించారు. ఆ భాష ఒక్కరికీ రాదు. అయినా వినాలని కూర్చున్నారు.

ఆ సంగతి మత్తయికి తట్టింది. తను ఏం చెప్పినా ఇక్కడ తప్పుపట్టేవాళ్ళు లేరు. ఇంకొక్క అబద్ధం చాలు. రేపు పొద్దున్నే ఏలూరు బాట పట్టేస్తే మళ్ళీ ఈ ముఖాలు చూడక్కర్లేదు. గొంతు సవరించుకొని, మెల్లగా, ఆమె భాషలో చెప్పాడు. అక్కడ గట్టు వేస్తారట, పందిరి అడ్డమట, తీసేయమంటున్నారు అన్నాడు.

ఖిన్‌మే ఆ మాటలు విననట్టే ఉంది. అతని కట్టుకున్న చేతులు చూసింది, మట్టిలో ఉన్న పాదాలు చూసింది, చంకలో తలగుడ్డ చూసింది. అరుగుకీ తమకీ మధ్య ఉన్న ఖాళీ చూసింది. ఏడాదిగా చూసినవన్నీ ఒక్కొక్కటే ఆమె ముఖంలోకి వచ్చి నిలబడ్డాయి. మావును కింద పెట్టించుకొని తీసుకున్న బెస్తవాళ్ళు, ఉప్పన బావి, ఊరి చుట్టూ తిరిగే దారి.

“మా ఊరి చివర శ్మశానం పక్కన గోతులు తవ్వేవాళ్ళు ఉంటారు,” అంది ఆమె, తన భాషలో. “కూలి కోసం వచ్చి మా వాకిట్లో ఇలాగే నిలబడేవాళ్ళు. మా అమ్మ వాళ్ళకు నీళ్ళు చేతికిచ్చేది కాదు. గిన్నె నేల మీద పెట్టి, వెనక్కి వచ్చేసేది. తరవాత ఆ గిన్నె మేము వాడేవాళ్ళం కాదు.”

మత్తయి తల ఎత్తి ఆమెను చూశాడు. ఆమె దేశంలో అలాంటివాళ్ళు ఉంటారని అతనికి తెలియదు. ఇన్నాళ్ళూ ఆ దేశం మొత్తాన్నీ ఒక గిన్నెను బట్టే నమ్మాడు.

“ఇక్కడ నువ్వు అలాంటివాడివా?” అని అడిగింది.

“అవును,” అన్నాడు.

“ఏమంటోందిరా?” అన్నారు వెంకట్రాజు గారు.

“తప్పయిపోయిందంటోందండి,” అన్నాడు మత్తయి తెలుగులో.

ఖిన్‌మే పందిరి తన చేతులతోనే పీకింది. హన్నమ్మ సాయం వస్తే వద్దంది. తాటాకు విప్పి మడిచింది, కుండల్లో నీళ్ళు ఒలకబోసింది. పగుళ్ళిచ్చిన నేల ఆ నీళ్ళను చప్పుడు లేకుండా పీల్చేసుకుంది. గొట్టాన్ని మాత్రం చంకలో పెట్టుకొని ఇంటికి తెచ్చి, వాకిట్లో కూర్చుని, కత్తి తీసుకొని దాన్ని నిలువునా బద్దలు చేసింది. అంత మంచి వెదురు పారేయడం ఆమెకు చేతకాదు, మావుకు పనికొస్తుంది. బద్దలు ఒక్కోటీ విడుతుంటే హన్నమ్మ అరుగు మీద చుట్ట ఆరిపోయిన సంగతి కూడా గమనించకుండా చూస్తూ కూర్చుంది.

పొద్దు వాలుతుండగా మత్తయి వచ్చి ఆమె ఎదురుగా గోడ వారన కూలబడ్డాడు. ఏలూరులో పని దొరికిందని, గది కూడా చూశానని, రేపే వెళ్ళిపోదామని చెప్పాడు. రంగూన్‌లో చెప్పాల్సింది, ఓడలో చెప్పాల్సింది, భయమేసి చెప్పలేదన్నాడు. నువ్వు నన్ను బస్తాల వెనక దాచిన రోజున కూడా నాకు ఇంత భయం వేయలేదన్నాడు. ఖిన్‌మే కత్తి ఆపింది గాని తల ఎత్తలేదు.

“ఆ గొట్టం ఏలూరులోనే కదా చూశాను,” అంది.

ఎండలో ఏలూరు నుంచి నడిచొచ్చి, ఆ వాకిట్లో నిలబడి వచ్చి, అతను పొద్దుట్నుంచీ ఏమీ తాగలేదు. దాహంగా ఉంది, కాసిని నీళ్ళివ్వమన్నాడు. ఇంకేం అడగాలో తోచక అదే అడిగాడు.

ఖిన్‌మే లేచి లోపలికి వెళ్ళి గిన్నెలో నీళ్ళు ముంచుకొచ్చింది. మత్తయి అలవాటుగా రెండు చేతులూ చాచాడు. ఆమె అతనికి రెండడుగుల దూరంలో ఆగి, గిన్నెను నేల మీద పెట్టి, వెనక్కి జరిగింది.

కావాలని చేసింది కాదు. చిన్నప్పుడు తల్లి చేతులను చూసి నేర్చుకున్న పని, ఆమెను అడక్కుండానే ఆమె చేతులు చేసేశాయి. వెనక్కి రెండడుగులు వేశాక గానీ తను ఏం చేసిందో ఆమెకు తెలియలేదు. తెలిశాక ముఖం పాలిపోయింది. మళ్ళీ ముందుకు వచ్చి గిన్నె తీసి ఇవ్వాలనుకుంది, వంగింది కూడా. అప్పటికే మత్తయి చాచిన చేతులు దించేసుకున్నాడు. ఆమె అక్కడే, ఆ వెదురు బద్దల మధ్య కూలబడి, నోటికి చెంగు అడ్డం పెట్టుకొని ఏడ్చింది.

హన్నమ్మ అరుగు మీదనుంచి అంతా చూసింది. ఆమెకు ఒక్క మాట అర్థం కాకపోయినా జరిగిందేమిటో అందరికంటే బాగా అర్థమైంది. పుట్టినప్పటినుంచీ గిన్నెలు నేల మీదనుంచే తీసుకున్న మనిషి ఆవిడ.

మత్తయి కాసేపు ఆ గిన్నె వైపు చూశాడు. ఎండాకాలం, నీళ్ళు కాలవనుంచి ఆమె మోసుకొచ్చినవి. వంగి, నేల మీదనుంచి గిన్నె తీసుకొని, తాగాడు.